మూడు సెకన్లు, ఒక మసక ఫోటో: మన జలాశయాల మీద గల్, టెర్న్ పక్షులను గుర్తుపట్టడం ఎలా

నల్లగొండకు సముద్రం 200 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అయినా చలికాలం రాగానే గల్‌లు, టెర్న్‌లు అనే తెల్లటి నీటిపక్షులు మన నీళ్ళ మీదికి వస్తాయి. నాగార్జునసాగర్, డిండి, మూసీ ప్రాజెక్టు, ఉదయసముద్రం, కోయిల్‌సాగర్, సరళాసాగర్, జూరాల, సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్ వాటర్... నవంబర్ నుంచి మార్చి దాకా ఇలాంటి పెద్ద నీళ్ళ ఒడ్డున కాసేపు నిలబడి చూడండి, తెల్లటి పక్షి ఏదో ఒకటి తిరుగుతూ కనిపించే అవకాశం బాగా ఉంటుంది. చిక్కంతా దాని పేరు చెప్పడంలోనే. పక్షి నీళ్ళ నడుమ ఉంటుంది, మనం కట్ట మీద ఉంటాం. మూడు సెకన్లు కనిపించి అటు తిరిగిపోతుంది. ఫోటోలో మిగిలేది ఒక తెల్ల మచ్చ, రెండు రెక్కలు.

ఆ మచ్చలోంచి కూడా చాలాసార్లు పేరు రాబట్టవచ్చు. అందుకు ముందు చూడాల్సినవి ముక్కు ఆకారం, రెక్క కొన, ఎగిరే తీరు. రంగు సంగతి చివరికి పెట్టుకోండి. మసక ఫోటోలో మనల్ని అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది రంగే.

వెళ్ళేముందు ఎవరెవరు ఉండొచ్చో తెలుసుకోండి

చూడబోయే పక్షుల జాబితా తలలో ఉంటే, కనిపించిన మూడు సెకన్లలో కళ్ళు వాటంతట అవే కావలసిన చోటికి పోతాయి. జాబితా పెద్దదేమీ కాదు.

గల్‌లలో ప్రధానంగా రెండు: బ్రౌన్ హెడెడ్ గల్, బ్లాక్ హెడెడ్ గల్. రెండూ సుమారుగా కాకి అంత పొడవు, పొడవాటి రెక్కలు. పేర్లలో తల రంగు ఉంది కదా అని తల చూస్తే లాభం లేదు. చలికాలంలో రెండింటికీ తల తెల్లగానే ఉంటుంది, చెవి దగ్గర ఒక నల్ల మచ్చ మాత్రం మిగులుతుంది. మార్చి వచ్చేసరికి తల రంగు తిరుగుతుంది, అప్పటికి చాలావరకు ప్రయాణం కట్టేస్తాయి. ఇక పల్లాస్ గల్ కనిపిస్తే ఆ సైజే చెప్పేస్తుంది. రెక్కలు చాచితే మీటరున్నర వెడల్పు, బలమైన పసుపు ముక్కు, దాని కొన దగ్గర నల్ల పట్టీ. దాని గురించి ఇక్కడ ఇంతకంటే అక్కర్లేదు.

టెర్న్‌లు గల్‌ల కంటే సన్నగా, తేలికగా ఉంటాయి. రెక్కలు మొనదేలి ఉంటాయి. కృష్ణమ్మ మీద ఏడాది పొడవునా ఉండేది రివర్ టెర్న్: పొడవాటి పసుపు ముక్కు, లోతుగా చీలిన తోక. చలికాలంలో మందలుగా వచ్చేది విస్కర్డ్ టెర్న్. ఒళ్ళు గోరింక కంటే పెద్దదేమీ కాదు, రెక్కలు మాత్రం బారుగా ఉంటాయి. గల్ బిల్డ్ టెర్న్ కూడా చలికాలం అతిథే, తీతువు కంటే కాస్త పెద్దది. లిటిల్ టెర్న్ అన్నిటికంటే చిన్నది, రెక్కలు చాలా వేగంగా కొడుతుంది. వైట్ వింగ్డ్ టెర్న్ దారిలో ఆగి పోయే పక్షి, తక్కువగా కనిపిస్తుంది. విస్కర్డ్ టెర్న్ మందలో కలిసిపోయి తప్పించుకునేది అదే.

ఇంకొకటి ఉంది, బ్లాక్ బెల్లీడ్ టెర్న్. ఒకప్పుడు దేశంలోని నదుల మీద మామూలుగా కనిపించేది. ఇప్పుడు బాగా తగ్గిపోయింది, అంతరించే ప్రమాదంలో ఉంది. రివర్ టెర్న్ కంటే చిన్నగా, నారింజ ముక్కుతో ఏ టెర్న్ కనిపించినా అన్ని పనులూ ఆపి దాన్నే చూడండి, వీలైనన్ని ఫోటోలు తీయండి. అలాంటి రికార్డుకు చాలా విలువ ఉంది.

ఎక్కడ, ఎటు తిరిగి నిలబడాలి

సూర్యుడు మీ వెనక ఉండాలి. పొద్దున వెళితే తూర్పు ఒడ్డు, సాయంత్రం వెళితే పడమటి ఒడ్డు. ఎదురు వెలుతురులో తెల్లటి పక్షి నల్లగా కనబడుతుంది, పసుపు ముక్కు నల్ల ముక్కు అయిపోతుంది. రివర్ టెర్న్‌ను నల్ల ముక్కున్న గల్ బిల్డ్ టెర్న్‌గా రాసేయడానికి అదొక్కటి చాలు. రెండు ఒడ్లలో ఏదో ఒకటే అందుబాటులో ఉంటే దాన్నిబట్టి టైం మార్చుకోండి.

గాలి ఎటు వీస్తోందో కూడా చూడండి. ఈ పక్షులు గాలికి ఎదురుగా ముఖం పెట్టి కూర్చుంటాయి. ఎగురుతున్నప్పుడు గాలికి ఎదురెళ్ళేటప్పుడే నెమ్మదిస్తాయి. గాలికి అడ్డంగా నిలబడితే పక్షి పక్కనుంచి కనిపిస్తుంది. ముక్కు, నెత్తి, వీపు, తోక నాలుగూ ఒకే చూపులో దొరుకుతాయి. వెనకనుంచో ఎదురుగానో చూస్తే వీటిలో ఒకటి కూడా సరిగా దొరకదు.

నీళ్ళు తగ్గి శిఖం భూమి బయటపడ్డ చోట్లు, మత్తడి కింద నీళ్ళు పారే చోట్లు, చేపల వలలు లాగే చోట్లు ముందు వెతకండి. గల్ బిల్డ్ టెర్న్ కోసం మాత్రం నీళ్ళ వైపే చూస్తూ కూర్చోవద్దు. బురద మీద, గడ్డి మీద, పొలాల మీద కూడా అది తిరుగుతుంది. యాసంగి నాట్ల ముందు కరిగెట దున్నే ట్రాక్టర్ వెనక కొంగలతో పాటు విస్కర్డ్ టెర్న్‌లు కూడా పురుగుల కోసం తిరుగుతాయి. అక్కడ పక్షి చాలా దగ్గరగా దొరుకుతుంది. పొలం వాళ్ళను ఒక మాట అడిగి గట్టు మీద నిలబడండి. డ్యామ్‌ల దగ్గర సెక్యూరిటీ వాళ్ళు కెమెరా వద్దంటే వాదన పెట్టుకోవద్దు, బ్యాక్ వాటర్ వైపు ఊళ్ళ దగ్గర ఎన్నో మంచి ఒడ్లున్నాయి.

పుట్టి మీద, థర్మోకోల్ తెప్ప మీద చేపలు పట్టేవాళ్ళు ఈ పక్షులను రోజూ పది అడుగుల దూరంనుంచి చూస్తారు. "అన్నా, ఆ తెల్లపిట్ట మూతి పచ్చగుంటదా, నల్లగుంటదా?" అని అడగండి. "నల్లగనే ఉంటది, పొట్టిది. నీళ్ళల్ల మునగది, పైపైన ఏరుకుంటది" అన్నారంటే రివర్ టెర్న్ పక్కకు పోయినట్టే. పేరు అడిగితే అన్నిటికీ ఒకే పేరు చెప్పొచ్చు. మూతి, తోక, తిండి గురించి అడిగితే కచ్చితమైన సమాధానం వస్తుంది.

కనిపించిన మూడు సెకన్లలో

మొదటి చూపు ముక్కు మీద. పొడవా పొట్టా, లావా సన్నమా? రెండో చూపు రెక్క కొన మీద. నలుపు ఉందా, ఉంటే ఎక్కడ? మూడో చూపుకు అవకాశం దొరికితే తోక, తోక మొదలు. కెమెరా ఎత్తే తొందరలో ఈ మూడు చూపులూ పోగొట్టుకోవద్దు. మీ దగ్గర ఉన్నది ఫోనే అయితే కళ్ళతోనే చూడటం మంచిది, అంత దూరం పక్షి ఫోన్ ఫోటోలో ఎలాగూ చుక్కలాగే పడుతుంది.

ఎగిరే తీరు దూరంనుంచి కూడా కనిపిస్తుంది, అందుకే దానికి అంత బలం. రివర్ టెర్న్ పైనుంచి తలకిందులుగా నీళ్ళలోకి దూకుతుంది. లిటిల్ టెర్న్ గాలిలో ఒకేచోట రెక్కలు టపటపలాడిస్తూ నిలబడి ఆ తర్వాత దూకుతుంది. విస్కర్డ్ టెర్న్ నీటికి కాస్త పైన గాలికి ఎదురుగా నెమ్మదిగా సాగుతూ, వంగి ముక్కుతో పైపైన ఏదో అందుకుని మళ్ళీ లేస్తుంది. పూర్తిగా మునగడం తక్కువ. గల్ బిల్డ్ టెర్న్ నిదానంగా, బలంగా రెక్కలు వేస్తూ ఒకే వరసలో సాగి, నేల మీదికి వాలుగా దిగి పురుగునో ఎండ్రకాయనో ఎత్తుకుపోతుంది. గల్‌లు వీటన్నిటికంటే బరువుగా ఎగురుతాయి. తేలుతూ నీటి మీద హాయిగా కూర్చుంటాయి. టెర్న్‌లు నీటి మీద కూర్చోవడం చాలా అరుదు, కర్ర మీదో ఇసుక మీదో రాయి మీదో వాలుతాయి.

సైజు చెప్పేటప్పుడు సెంటీమీటర్లు వద్దు. పక్కన ఏ పక్షి ఉందో దానితో పోల్చండి. కాకి కంటే పెద్దదా, తీతువు అంతా, గోరింక అంతా? పక్కన ఏమీ లేకపోతే సైజు రాయనే వద్దు. ఖాళీ నీటి మీద ఒంటరిగా ఎగిరే పక్షి సైజు ఎవరి కంటికీ సరిగా ఆనదు.

పక్షి వెళ్ళిపోగానే, ఫోటోలు చూసుకోకముందే, పుస్తకం తెరవకముందే చూసింది రాయండి లేదా ఫోన్‌లో మాట్లాడి రికార్డ్ చేయండి. పుస్తకంలో బొమ్మ చూశాక మన జ్ఞాపకం ఆ బొమ్మలాగా మారిపోతుంది. నోటు ఇలా ఉంటే చాలు: "సాయంత్రం నాలుగున్నర. సూర్యుడు నా వెనక కుడివైపు. గాలి ఎదురు. తీతువు కంటే చిన్నది, పక్కనే తీతువు ఉంది. ముక్కు పొట్టి, నలుపు. నెత్తి ముందు తెలుపు, కన్ను వెనకనుంచి మెడ దాకా నల్ల పట్టీ. తోక చీలిక కొంచెమే. నీటి మీద వంగి వంగి ఏరుకుంది, మునగలేదు. కాళ్ళు చూడలేదు." చివరి మాట కూడా ముఖ్యమే. చూడనిది చూడలేదని రాసి ఉంటే, ఆర్నెల్ల తర్వాత చదివినా మిగతా నోటు మీద నమ్మకం కుదురుతుంది.

ఫోటో తీసేటప్పుడు

కెమెరా ఉంటే షట్టర్ సెకనులో 2000వ వంతు దగ్గర పెట్టుకోండి, బర్స్ట్ మోడ్‌లో వరసగా తీయండి. ఒక్క అందమైన ఫోటో కంటే రెక్క పైకి లేచినప్పుడు, కిందికి దిగినప్పుడు, పక్షి పక్కకు తిరిగినప్పుడు వచ్చిన పది మసక ఫోటోలు ఎక్కువ చెబుతాయి. వెలుగున్న ఆకాశం ముందు పక్షి ఎగురుతుంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచండి, లేకపోతే పక్షి నల్లటి నీడలా పడుతుంది. ఎండలో నల్లటి నీళ్ళ ముందు ఎగురుతుంటే ముప్పాతిక మెట్టో ఒక మెట్టో తగ్గించండి, లేకపోతే తెలుపు అంతా కాలిపోయి రెక్క మీది గుర్తులు మాయమవుతాయి.

ఫోన్ తప్ప ఇంకేమీ లేకపోతే ఫోటో బదులు వీడియో తీయండి. బైనాక్యులర్ కంటిగాజుకు ఫోన్ ఆనించి తీస్తే ఇంకా మంచిది. బొమ్మ వణికినా ఎగిరే తీరు దొరుకుతుంది. తర్వాత ఒక్కో ఫ్రేమ్ ఆపుతూ చూసుకోవచ్చు. పక్షి అరిస్తే అరుపూ దొరుకుతుంది.

ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక జాగ్రత్త తప్పనిసరి. నీళ్ళు తగ్గి దిబ్బలు, ఇసుక మేటలు, రాళ్ళ గుట్టలు తేలినప్పుడు రివర్ టెర్న్‌లు వాటి మీద వట్టి నేల మీదే గుడ్లు పెడతాయి. ఫోటో కోసం పుట్టి మాట్లాడుకుని దిబ్బ ఎక్కితే తల్లి పక్షులు లేచి తల మీద తిరుగుతూ అరుస్తాయి. మన ఎండలో ఆ కాసేపు నీడ లేకపోయినా గుడ్లు చెడిపోతాయి, పిల్లలు చచ్చిపోతాయి. రివర్ టెర్న్ ఇప్పటికే ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న పక్షుల జాబితాలో ఉంది. పక్షులు మీ మీదికి దూకి అరుస్తున్నాయంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం. వెంటనే వెనక్కి తిరగండి.

ఇంటికొచ్చాక మసక ఫోటోను చదవడం

ఒరిజినల్ ఫైళ్ళను ముట్టుకోవద్దు, కాపీ మీద పని చేయండి. క్రాప్ చేయండి, నీడలు కాస్త పెంచండి, వెలుగు కాస్త తగ్గించండి. అంతటితో ఆపండి. ఏఐతో ఫోటోను స్పష్టం చేసే యాప్‌ల జోలికి అసలు పోవద్దు. అవి లేని ఈకలను గీస్తాయి, ముక్కు కొనను చెక్కుతాయి, కన్ను పెడతాయి. గుర్తింపుకు పనికొచ్చే సమాచారం ఒక్క చుక్క కూడా కొత్తగా రాదు, ఉన్నది చెడిపోతుంది. మామూలు షార్పెనింగ్ కూడా రెక్క అంచున తెల్ల గీత వేస్తుంది, అది నిజం ఈకలాగే కనిపిస్తుంది.

మసక ఫోటో చేసే మోసాలు కొన్ని ముందే తెలిసి ఉండాలి. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే తెలుపు పొంగి నలుపును మింగుతుంది, దానివల్ల ముక్కు సన్నబడుతుంది, రెక్క కొనలోని నలుపు చిన్నదవుతుంది. పక్షి కదిలితే ఆ దిశలో ముక్కు సాగుతుంది. ఫోకస్ తప్పితే సన్న ముక్కు లావవుతుంది. పెద్ద లెన్స్‌తో తీసిన ఫోటోలో వెనక ఉన్న పక్షి అసలు కంటే పెద్దదిగా అనిపిస్తుంది, కాబట్టి ముందూ వెనకా ఉన్న రెండు పక్షుల సైజు పోల్చొద్దు. ఒకే వరసలో కూర్చున్నవాటినే పోల్చండి. రెక్క అంచున ఊదా రంగు గీత కనిపిస్తే అది లెన్స్ లోపం.

వీటన్నిటికీ విరుగుడు ఒక్కటే. ఏ గుర్తయినా బర్స్ట్‌లో కనీసం మూడు ఫ్రేమ్‌లలో, పక్షి భంగిమ మారినా అదే చోట కనిపిస్తేనే నమ్మండి.

దూరం మారినా మారనిది నిష్పత్తి. అందుకే స్క్రీన్ మీద స్కేలు పెట్టండి, ఏమీ అనుకోవద్దు. పక్కనుంచి తీసిన ఫోటోలో ముక్కు పొడవును తల పొడవుతో కొలవండి. రివర్ టెర్న్‌కు ముక్కు తల పొడవుకు దగ్గరగా వస్తుంది, కొన దాకా సన్నగా సాగుతుంది. గల్ బిల్డ్‌కు పొట్టిగా, మొదట్లో లావుగా, గల్ ముక్కులాగా మొద్దుగా ఉంటుంది. ఎదురు వెలుతురులో రెండూ నల్లగా పడ్డా ఈ ఆకారం పోదు.

గల్ రెక్క కొన: నలుపు ముందు అంచును తాకిందా?

బ్రౌన్ హెడెడ్, బ్లాక్ హెడెడ్ గల్‌ల దగ్గర అందరూ తడబడతారు. ఎగురుతున్నప్పుడైతే ఇది తేలిగ్గా తేలే లెక్కే. రెక్క చాచినప్పుడు ముందు అంచు ఏది, వెనక అంచు ఏది అని ముందు నిర్ణయించుకోండి. పక్షి ఎటు పోతోందో అటున్నది ముందు అంచు.

బ్లాక్ హెడెడ్ గల్‌కు రెక్క బయటి భాగంలో ముందు అంచు వెంబడి పొడవాటి తెల్ల త్రిభుజం ఉంటుంది. నలుపు ఆ ఈకల కొనల్లో మాత్రమే, అంటే వెనక అంచు వెంబడి సన్నగా గీత గీసినట్టు ఉంటుంది. బ్రౌన్ హెడెడ్ గల్‌కు రెక్క కొన మొత్తం వెడల్పుగా నలుపు. ఆ నలుపు ముందు అంచు దాకా వస్తుంది. పెద్ద పక్షికైతే నలుపు మధ్యలో తెల్ల చుక్కలుంటాయి, నలుపుకు ఒంటి వైపున తెల్లటి పట్టీ ఉంటుంది. కాబట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి: నలుపు ముందు అంచును తాకిందా? వెడల్పుగా తాకితే బ్రౌన్ హెడెడ్. తాకకుండా ముందు అంచు తెల్లగా ఉంటే బ్లాక్ హెడెడ్.

పిల్ల పక్షుల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. తొలి చలికాలంలో ఉన్న బ్రౌన్ హెడెడ్‌కు తెల్ల చుక్కలు ఉండవు, కొన అంతా నలుపే. చుక్కలు లేవు కాబట్టి బ్లాక్ హెడెడ్ అనుకోవద్దు. తొలి చలికాలపు బ్లాక్ హెడెడ్‌కు ముందు అంచున సన్నటి ముదురు గీత ఉండొచ్చు, కానీ దాని లోపల తెల్ల త్రిభుజం కనిపిస్తూనే ఉంటుంది.

రెక్క కింది వైపు మాత్రమే పడిందా? బ్లాక్ హెడెడ్‌కు కింది వైపు బయటి ఈకలు ముదురు బూడిద రంగులో ఉండి, వాటి ముందు తెల్లటి అంచు నిలుస్తుంది. ఇక్కడే ఆకాశం దెబ్బకొడుతుంది. తెల్లటి ఆకాశం ముందు ఆ తెల్ల అంచు కలిసిపోయి, ముదురు భాగమే రెక్క కొన అనిపిస్తుంది. దాంతో బ్రౌన్ హెడెడ్ అని రాసేస్తాం. రెక్క మరీ ఇరుకుగా, ముందు అంచు కోసేసినట్టు అనిపిస్తే అనుమానించండి. పక్షి కొండ ముందో నీళ్ళ ముందో ఎగిరిన ఫ్రేమ్ కోసం వెతకండి, ఆ తెలుపు అక్కడ తేలుతుంది.

కూర్చుని ఉంటే రెక్కలు ముడుచుకుని ఉంటాయి కాబట్టి రెండింటి కొనలూ నల్లగానే కనిపిస్తాయి. అప్పుడు కన్ను చూడాలి. ఎదిగిన బ్రౌన్ హెడెడ్‌కు కనుపాప చుట్టూ ఉండే వలయం తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది. బ్లాక్ హెడెడ్‌కు నల్లగా ఉంటుంది. బ్రౌన్ హెడెడ్ ముక్కు కాస్త లావు, తల కాస్త పెద్దది. పక్కపక్కన రెండూ ఉంటే తప్ప ఈ చివరి రెండింటినీ నేను సాక్ష్యంగా తీసుకోను.

విస్కర్డ్ మందలో వైట్ వింగ్డ్

ఇది ఇంకా కష్టం. చలికాలపు ఈకల్లో రెండూ బూడిద రంగు వీపు, తెల్ల పొట్ట, నల్ల ముక్కు. తేడా పట్టిచ్చేవి రెండు చోట్లు.

ఒకటి తల. విస్కర్డ్‌కు కన్ను వెనకనుంచి నల్ల పట్టీ వెనక్కి సాగి మెడ పైభాగాన్ని చుట్టేస్తుంది. వైట్ వింగ్డ్‌కు చెవి దగ్గర నల్ల మచ్చ కన్ను కంటే కిందికి దిగి విడిగా నిలుస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నట్టు. రెండోది తోక మొదలు. విస్కర్డ్‌కు వీపు, తోక మొదలు, తోక అంతా ఒకే బూడిద రంగు. వైట్ వింగ్డ్‌కు తోక మొదలు వీపు కంటే తెల్లగా తేలుతుంది. వీటికి తోడు వైట్ వింగ్డ్ ముక్కు ఇంకా పొట్టి, ఇంకా సన్నం.

మసక ఫోటోలో తోక మొదలును ఇలా చూడండి. పక్షి వీపు మీద ఎండ సమానంగా పడిన ఫ్రేమ్ ఎంచుకోండి. ఒరిగి తిరుగుతున్న పక్షికి తోక మీదే ఎండ పడి అది తెల్లగా మెరుస్తుంది, అలాంటి ఫ్రేమ్ పక్కన పెట్టండి. అదే ఫోటోలో ఇంకో టెర్న్ ఉంటే దాని తోకతో పోల్చండి. రెండూ ఒకే వెలుతురులో ఉండి ఒకటి మాత్రమే తెల్లగా ఉంటే ఆ తేడా నిజం. సెప్టెంబర్, అక్టోబర్‌లలో పిల్ల పక్షుల వీపు గోధుమ మచ్చలతో ముదురుగా ఉంటుంది, అప్పుడు విస్కర్డ్‌కు కూడా వీపుకూ తోకకూ తేడా కనిపిస్తుంది. ఆ నెలల్లో తోక ఒక్కదాన్నే నమ్మొద్దు, తల కూడా కలవాలి.

ఏప్రిల్, మే నెలల్లో పని సులువవుతుంది. ఈకలు మారుతున్న వైట్ వింగ్డ్‌కు ఒంటి మీద, రెక్కల కింద నల్ల అతుకులు మొదలవుతాయి. విస్కర్డ్‌కు రెక్కల కింద ఎప్పుడూ తెలుపో లేత బూడిదో తప్ప నలుపు రాదు. రెక్క కింద నలుపుతో ఒక్క స్పష్టమైన ఫ్రేమ్ వచ్చినా చాలు, విస్కర్డ్‌ను జాబితాలోంచి కొట్టేయవచ్చు.

తుపాను తర్వాత రోజు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాను లేచి కోస్తా దాటి, వాయుగుండంగా మన వైపు వచ్చినప్పుడు జలాశయాలు చూడటానికి వీలు చేసుకోండి. నడిసముద్రంలో బతికే పక్షులు ఆ గాలికి కొట్టుకుని లోతట్టుకు వస్తాయి. వాన తగ్గి, వాగులు దిగి, రోడ్డు సురక్షితమయ్యాకే బయల్దేరాలి.

అలాంటప్పుడు పైన నల్లగా, కింద తెల్లగా ఉన్న టెర్న్ కనబడితే అది సూటీ టెర్న్ కావచ్చు, బ్రైడిల్డ్ టెర్న్ కావచ్చు. నుదుటి తెలుపు ఎక్కడ ఆగిందో చూడండి. సూటీకి అది వెడల్పుగా ఉండి కన్ను దగ్గర ఆగుతుంది. బ్రైడిల్డ్‌కు సన్నటి గీతగా కన్ను దాటి వెనక్కి పోతుంది. ముఖం పడకపోతే నెత్తిని వీపుతో పోల్చండి. సూటీకి రెండూ ఒకే నలుపు. బ్రైడిల్డ్ వీపు బూడిద కలిసిన గోధుమ, నెత్తి దానికంటే ముదురు. ఫోటో వెలుగు తప్పినా రెండూ కలిసే తప్పుతాయి, కాబట్టి ఈ తేడా నిలుస్తుంది. ఒళ్ళంతా ముదురు గోధుమ రంగు, వీపు మీద తెల్ల చుక్కలు ఉంటే సూటీ టెర్న్ పిల్ల పక్షి అయ్యుండొచ్చు. పొడవాటి వంకీ ముక్కు, కత్తెర తోకతో చాలా పెద్ద నల్ల పక్షి పైన తేలుతుంటే అది ఫ్రిగేట్ బర్డ్. దాన్ని కిందనుంచి తీయండి. పొట్ట, చంకల దగ్గర తెలుపు ఎలా ఉందన్నదాన్ని బట్టే దాని జాతి తేలుతుంది.

ఇలా వచ్చిన పక్షులు అలసిపోయి, ఆకలితో ఉంటాయి. లేవలేక కూర్చున్నదాన్ని ఫోటో కోసం లేపొద్దు. కుక్కలకు దొరికేలా ఉంటే అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చేయండి. చనిపోయి దొరికితే చేత్తో ముట్టకుండా ముక్కు, చాచిన రెక్క పై వైపు, కింది వైపు పక్కన ఒక స్కేలో నాణెమో పెట్టి ఫోటోలు తీసి అదే శాఖకు చెప్పండి.

పేరు ఎంతవరకు రాయాలి

మెర్లిన్ లాంటి యాప్‌కు ఫోటో ఇస్తే ఏదో ఒక పేరు చెబుతుంది. దాన్ని వెతకడానికి ఒక దిక్కుగా వాడుకోండి. ఆ పేరుకు కావలసిన గుర్తులు మీ ఫోటోలో మీకే కనిపించాలి. "యాప్ చెప్పింది" అన్నది రికార్డులో కారణంగా నిలవదు.

గుర్తులు జాతి దాకా తీసుకెళితే జాతి రాయండి. తీసుకెళ్ళకపోతే, పక్షుల రికార్డులు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో "గల్ ఎస్‌పీ", "టెర్న్ ఎస్‌పీ" అని (జాతి తేలని గల్, జాతి తేలని టెర్న్ అని అర్థం) ఉంటాయి, వాటిని ఎంచుకోండి. అలా రాయడానికి మొహమాటం అక్కర్లేదు. ఏటా జనవరిలో ఆసియా అంతటా జరిగే నీటిపక్షుల లెక్కల్లో కూడా ఒక తప్పు పేరు కంటే "ఏదో ఒక టెర్న్" అన్న సరైన లెక్కే పనికొస్తుంది. రాసేటప్పుడు మీ నోటును ఉన్నదున్నట్టు పెట్టండి. చూసినవీ చూడనివీ రెండూ ఉండాలి. మసకగా ఉన్నాయని ఫోటోలు దాచుకోవద్దు, క్రాప్ చేసినవాటితో పాటు ఒరిజినల్ ఫ్రేమ్‌లను కూడా వరసగా ఎక్కించండి. మీకు తెల్ల మచ్చగా కనిపించిన ఫ్రేమ్‌లో, గల్‌లను ఏళ్ళుగా చూస్తున్న ఇంకొకరికి రెక్క కొన కనిపించవచ్చు.

ఇంకా తేలకపోతే మళ్ళీ అక్కడికే వెళ్ళండి. చలికాలం అతిథులు తిండి దొరికితే ఒకే జలాశయం మీద వారాల తరబడి ఉంటాయి. ఈసారి అవతలి ఒడ్డునుంచి, సూర్యుణ్ణి వెనక పెట్టుకుని, వలలు లాగే వేళకు చేరుకోండి. చేపల కోసం గల్‌లు, టెర్న్‌లు పుట్టి చుట్టూ మూగుతాయి, రెక్కలు విప్పి తిరుగుతాయి. మొదటిసారి మిగిలిపోయిన ఒక్క ప్రశ్ననే, అది ముక్కో రెక్క కొనో తోక మొదలో, మనసులో పెట్టుకుని కెమెరా దాని మీదే ఉంచండి.